"ఒచాప్ట్ ఇస్!" తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. మొన్న జర్మనీలో, మ్యూనిక్‌లో జరిగే బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్‌లో మొదటి రోజంతా గడిపాను (పేరే అక్టోబరు, మొదలయ్యేది సెప్టెంబరులో). పొద్దున తొమ్మిదికే డేరాలో బల్ల దగ్గర చోటు పట్టుకున్నాం. కానీ మధ్యాహ్నం 12 దాకా ఒక్క చుక్క బీరు పొయ్యరు! నిమ్మ సోడా తాగుతూ కూర్చోవాలి. పన్నెండింటికి షాటెన్‌హామెల్ అనే డేరాలో నగర మేయర్ పెద్ద చెక్క సుత్తితో పీపాలోకి కుళాయి దిగగొట్టి "ఒచాప్ట్ ఇస్!" అని అరుస్తాడు. బయట 12 సార్లు ఫిరంగి మోగుతుంది. అప్పుడుగానీ మిగతా డేరాల్లో పొయ్యరు. 1950 నుంచీ ఇదే ఆనవాయితీ. మేమున్నది వేరే డేరా కాబట్టి మాకు ఫిరంగే ముహూర్తం. పీపాకి కుళాయి వెయ్యడం అయిపోయిందని దానర్థం. ఈ "ఒచాప్ట్ ఇస్"కి తెలుగు చెప్పండి. అందులో చ మన "చాప"లో చ లాగే పలకాలి.

– "పీపా తెరిచారు" అంటే సరిపోదా అండీ?

– సరిపోదండీ. "తెరిచారు" అనగానే ఎవరు అని అడుగుతాం. వాళ్ళ మాటలో చేసినవాడు లేడు, పని అయిపోయిందన్న కబురు మాత్రమే ఉంది.

– అన్నా, మా దిక్కు కల్లు గీస్తరు గదా. "గీత పడ్డది" అనరాదా?

– బాగుంది తమ్ముడూ, కానీ గీత చెట్టుకి. ఇక్కడ బీరు ఎప్పుడో తయారై పీపాలో ఉంది. పైగా ఆ క్రియకి మూలమైన "చాప్ఫెన్" అంటే బిరడా, మేకు లాంటిది. చెక్కడం, గీయడం అందులో లేవు.

– అసలు ముందున్న "ఒ" ఏమిటి? నేను నేర్చుకున్న జర్మన్‌లో "ఆంగెచాప్ట్ ఇస్ట్" అనాలి.

– అది మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం యాస. "ఆన్"లో న్ జారిపోయి "ఒ" మిగిలింది. "గె" మింగేశారు, చివరి ట్ కూడా పోయింది. రాసేటప్పుడు ఒ పక్కన చిన్న కొక్కెం పెడతారు. నాకది మన అరసున్నలా కనిపించింది! తమిళంలో మూన్ఱు, పాత తెలుగులో మూఁడు, ఇప్పుడు మూడు. న్ పోయిన చోట ఒక గుర్తు మిగిలింది. మనం ఆ గుర్తునీ వదిలేశాం, వాళ్ళు డేరాల మీద రాసుకుంటున్నారు.

– మాస్టారూ, అరసున్న పోలిక అదిరింది. ఇక తెలుగు మాటకొస్తే, "బోణీ అయింది!" ఎలా ఉంది? చేసినవాడు లేడు, మొదటిసారన్న సంబరం ఉంది, అరవడానికీ బాగుంటుంది.

– ఇదే ఖాయం చేద్దామనుకుంటున్నా. "కుళాయి దిగింది" అని నేననుకున్నది దీని ముందు తేలిపోయింది. ఒక్కటే అనుమానం. మొదటి మగ్గు మేయరే బవేరియా ముఖ్యమంత్రి చేతికిస్తాడు.

– ఆయన డబ్బులిచ్చాడా? ఇవ్వకపోతే బోణీ ఎట్లా అవుతుందండీ!