పిండివంటల యూనిట్‌కు సబ్సిడీ: పీఎంఈజీపీలో పెట్టాలా, పీఎంఎఫ్‌ఎంఈలోనా?

ప్రశ్న (బోరబండ నుంచి):
సకినాలు, చెక్కగారెలు, మురుకులు చేసి కిరాణా షాపులకు వేసే యూనిట్ పెడదామనుకుంటున్న. పనికి మా గల్లీల ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకోవాలె. గిర్నీ, మురుకుల మెషీన్, ఫ్రైయర్, ప్యాకింగ్ మెషీన్ కలిపి 3 లక్షలు, సరుకుకు లక్ష. పీఎంఈజీపీలో (కొత్త యూనిట్లకు బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) 35 శాతం గ్రాంటు వస్తదంటున్నరు. పైసలు ముందే చేతికిస్తరా?

జవాబు (సనత్‌నగర్ నుంచి):
అక్కా, ముందే కాదు, చేతికి అసలే రావు. అది బ్యాంకు లోనుకు ముడిపెట్టిన సబ్సిడీ. మహిళలకు 35 శాతం పల్లెల్లో పెట్టే యూనిట్లకు. మీది హైదరాబాద్ సిటీ కాబట్టి మహిళగా మీకు 25 శాతం. మీ 4 లక్షల లెక్క ఇట్ల ఉంటది: మీ వాటా 5 శాతం, అంటే 20,000. బ్యాంకు లోను 3,80,000. సబ్సిడీ 1,00,000.

ఆ లక్ష మీ పేరు మీద టర్మ్ డిపాజిట్‌గా 3 ఏళ్లు బ్యాంకులోనే ఉంటది. దానికి వడ్డీ రాదు, లోనులో అంత మొత్తానికి మీ దగ్గర వడ్డీ తీసుకోవద్దు. యూనిట్ నడుస్తున్నట్టు వచ్చి చూసుకున్నాక లోనులో జమ చేస్తరు. డిపాజిట్ పడ్డాక కూడా 3,80,000 మీదనే వడ్డీ వేస్తుంటే స్టేట్‌మెంట్ పట్టుకెళ్లి మేనేజర్‌ను అడగండి. చాలామంది ఇది చూసుకోక నష్టపోతున్నరు.

ఆదాయ పరిమితి లేదు. భార్యాభర్తల్లో ఒక్కరికే. మీ ఆయన ఇదివరకే తీసుకుని ఉంటే మీకు రాదు.

జవాబు (కూకట్‌పల్లి నుంచి):
మేడమ్, తినే వస్తువులు తయారు చేసేవాళ్లు పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) కూడా చూడాలి. అందులో సిటీ అయినా, పల్లె అయినా 35 శాతమే, గరిష్ఠంగా 10 లక్షలు. కాకపోతే సబ్సిడీ లెక్క మెషీన్లు, యూనిట్‌కు కావలసిన నిర్మాణ పనుల మీదే. సరుకు డబ్బు అందులోకి రాదు. మీ 3 లక్షల మెషీన్లకు 1,05,000 వస్తుంది. అంటే పీఎంఈజీపీ కంటే ఎక్కువ వచ్చేది 5,000 మాత్రమే. మీ వాటా మాత్రం కనీసం 10 శాతం, మెషీన్ల మీదే 30,000 అవుతుంది.

చేతిలో డబ్బు తక్కువుంటే, యూనిట్ పూర్తిగా కొత్తదైతే పీఎంఈజీపీయే నయం. ఇప్పటికే వంటలు చేసి అమ్ముతుంటే పీఎంఎఫ్‌ఎంఈకి వెళ్లండి, అది నడుస్తున్న యూనిట్లకు కూడా ఇస్తారు. పీఎంఈజీపీ కొత్తవాటికే. దరఖాస్తుకు ముందు పోర్టల్ తెరిచి ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న (బోరబండ నుంచి):
కొత్తదే అన్నా. మెషీన్‌కు ఇప్పుడే సగం అడ్వాన్స్ ఇచ్చి పెట్టుకోవచ్చా? ఇంకొకాయన దరఖాస్తు వేస్తా, 15,000 ఇవ్వమంటున్నడు.

జవాబు (సనత్‌నగర్ నుంచి):
రెండూ వద్దక్కా. లోను మంజూరు కాకముందు కొన్న బిల్లును బ్యాంకు ఒప్పుకోదు. ఇప్పుడు తీసుకోవాల్సింది కొటేషన్ ఒక్కటే. రాణిగంజ్‌లో రెండు మూడు షాపుల్లో అడగండి. మెషీన్ మోడల్, కెపాసిటీ, జీఎస్టీ నంబరు, ట్యాక్సుతో కలిపిన ధర కాగితం మీద ఉండాలె. ప్రాజెక్ట్ రిపోర్టులో 3 లక్షలని రాసి కొటేషన్ 2,40,000కి పెడితే ఫైలు అక్కడనే ఆగుతది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం. ఆధార్, ఫొటో, ప్రాజెక్ట్ రిపోర్టు, చదువు సర్టిఫికెట్ చాలు. మీరు బీసీ, ఎస్సీ అయినా కాకపోయినా మహిళ కోటా సరిపోతది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగినా చెప్తరు.

జవాబు (కూకట్‌పల్లి నుంచి):
ఇంకో మూడు సంగతులు. ప్రాజెక్ట్ ఖర్చులో స్థలం కొన్న డబ్బు రాయకూడదు, షెడ్డు అద్దె మాత్రం 3 ఏళ్ల వరకు చూపవచ్చు. అందుకే అద్దె అగ్రిమెంట్ ముందే సిద్ధంగా ఉంచుకోండి. తాకట్టు అడిగితే, 10 లక్షల లోపు లోనుకు అవసరం లేదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉందని గుర్తుచేయండి. ఇక ఈడీపీ (వ్యాపారం నడపడం నేర్పే) శిక్షణ: 5 లక్షల లోపు ప్రాజెక్టుకు 5 రోజులు. లోను మంజూరైందని నిమ్మళంగా కూర్చుని ఈ సర్టిఫికెట్ తీసుకోనివాళ్ల సబ్సిడీ క్లెయిమ్ ముందుకు కదలదు.

పాత గ్రూపు లోనులో వాయిదా తప్పి ఉంటే ముందు అది కట్టేసి, మీ సిబిల్ రిపోర్టులో (పాత లోన్లు ఎలా కట్టారో చూపే రికార్డు) అది సరిచేసినట్టు కనబడ్డాకే దరఖాస్తు పెట్టండి.