పాత పీసీలో హార్డ్ డిస్క్ ఒకసారి కనిపిస్తోంది, ఒకసారి కనిపించట్లేదు

పాతపెట్టె:
అందరికీ నమస్కారమండి. నాన్నగారు వాడిన పీసీ చాలాకాలంగా మూలన పడి ఉంది. విండోస్ ఎక్స్‌పీ, 40 జీబీ ఐడీఈ (వెడల్పు పట్టీ కేబుల్‌తో తగిలించే పాత రకం) డిస్క్, అదే కేబుల్ మీద సీడీ డ్రైవ్. మొన్న ఆన్ చేస్తే, విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాం అయిన బయోస్‌లో తేదీ ఏళ్ళ వెనక్కి పోయి ఉంది. డిస్క్ పేరు ఒకసారి సరిగ్గా వస్తోంది, ఒకసారి మధ్యలో పిచ్చి అక్షరాలతో వస్తోంది, ఇంకోసారి అసలు రావట్లేదు. విండోస్‌లోకి వెళ్ళినా మహా నెమ్మది, ఫోల్డర్ తెరిస్తే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. టకటక శబ్దం లేదు. సన్నటి కూత మాత్రం ఉంది. నాన్నగారు టైపు చేసుకున్న రాతలన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. ఒకరు చెక్‌డిస్క్ పెట్టమన్నారు, ఇంకొకరు డిస్క్‌ని ఫ్రీజర్‌లో పెట్టి తీయమన్నారు. ముందు ఏం చేయను?

నీలికొస:
తేదీ సంగతి బ్యాటరీ అండి. బోర్డు మీద బిళ్ళలా ఉండే సీఆర్2032 మార్చండి. మార్చాక బయోస్‌లోకి వెళ్ళి డిస్క్ టైప్ ‘ఆటో’లో ఉందో లేదో చూడండి. బ్యాటరీ పోయినప్పుడు ఆ సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

సెక్టార్63:
పాతపెట్టె గారూ, దయచేసి ఆ రెండు సలహాలూ పక్కన పెట్టండి. ఫ్రీజర్‌లోంచి తీసిన డిస్క్ లోపల తేమ పడుతుంది. డేటా చదివే హెడ్డు, డేటా ఉండే పళ్ళేనికి నానోమీటర్లలో కొలిచేంత ఎత్తున తిరుగుతుంది కాబట్టి ఆ తేమ చాలు, ఉన్నది కూడా పోవడానికి. ఇక చెక్‌డిస్క్ మరమ్మతు పేరుతో ఆ డిస్క్ మీదే రాస్తుంది. కేబుల్ సరిగా లేనప్పుడు రాస్తే బాగున్న ఫైళ్ళ పట్టిక కూడా చెడిపోవచ్చు. కాపీ చేతికొచ్చేదాకా ఆ డిస్క్ మీద ఒక్క బైటు కూడా రాయనివ్వకండి. ఎక్స్‌పీ బూట్ అయిన ప్రతిసారీ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది, అందుకే దానిలోంచి బూట్ చేయడం కూడా ఇవాళ్టితో ఆపేయండి.

మీరు చెప్పిన పిచ్చి అక్షరాలే నాకు ఆశ కలిగిస్తున్నాయి. బయోస్ అడిగినప్పుడు డిస్క్ తన పేరుని ఆ పట్టీ కేబుల్‌లోని పదహారు డేటా తీగల మీదుగానే పంపుతుంది. ఒక్క తీగ వదులైనా, ఒక్క పిన్ను వంగినా అక్షరాలు మారిపోతాయి. డిస్క్ బోర్డు పాడైనా ఇలా జరగొచ్చు గానీ, ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. నెమ్మది కూడా అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. లోపాలు ఆరు దాటితే ఎక్స్‌పీ డీఎంఏ (ప్రాసెసర్ మోయకుండానే డేటా వెళ్ళే పద్ధతి) వేగాన్ని మెట్టు మెట్టుగా తగ్గించి చివరికి పీఐఓ అనే పాత పద్ధతిలో పడేస్తుంది. అప్పుడు డేటా అంతా ప్రాసెసరే స్వయంగా మోయాలి, అందుకే మౌస్ కూడా ఆగుతుంది.

కరెంటు తీసేసి పాత కేబుల్ విప్పండి. పట్టీ పట్టుకుని లాగొద్దు, కనెక్టర్‌ని రెండు వైపులా పట్టుకుని కొద్దికొద్దిగా కదిలించండి. టార్చి వేసి పిన్నులు చూడండి. వరుసలో ఒకచోట పిన్ను లేకపోవడం మామూలే, కంగారు పడకండి. కొత్తది 80 తీగలది తీసుకోండి (కనెక్టర్ మాత్రం పాతదానిలాగే 40 పిన్నులదే). నీలం కొస మదర్‌బోర్డుకి, నలుపు మాస్టర్‌కి (కేబుల్ మీది మొదటి డ్రైవ్), మధ్యలోని బూడిద రంగుది స్లేవ్‌కి (రెండోది). సీడీ డ్రైవ్‌ని ఈ కేబుల్ మీద పెట్టొద్దు, తీసేసి వేరే కేబుల్‌తో బోర్డు మీది రెండో ఐడీఈ సాకెట్‌కి పెట్టండి. తీశాక డిస్క్ వెనక జంపర్ (పిన్నుల మీద తొడిగే చిన్న తొడుగు) కూడా చూడాలి. కొన్ని వెస్టర్న్ డిజిటల్ డిస్కుల్లో ‘స్లేవ్ ఉన్న మాస్టర్’కి, ‘ఒంటరి’కి జంపర్ చోటు వేరు. తప్పు చోట ఉంటే లేని స్లేవ్ కోసం వెతుకుతూ కనిపించకుండా పోతాయి. బొమ్మ డిస్క్ లేబుల్ మీదే ఉంటుంది.

మల్టీమీటర్ ఉంటే డిస్క్ తిరుగుతుండగా పవర్ వైర్లు కొలవండి. ఎరుపు 4.75 నుంచి 5.25 వోల్టులు, పసుపు 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. అంతకంటే తగ్గుతుంటే పవర్ సప్లై మార్చండి, దాన్ని విప్పొద్దు.

తర్వాత లైనక్స్ లైవ్ సీడీతో బూట్ చేసి స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే, నంబర్లున్న లెక్కలు) చూడండి. 199వ నంబరు కేబుల్ లోపాల లెక్క. అది ఎప్పటికీ తగ్గదు, కొత్త కేబుల్ వేశాక పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. 5, 197, 198 పళ్ళేనికి సంబంధించినవి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి.

పాతపెట్టె:
చాలా థాంక్సండి. వెనక వరుసలో ఒక పిన్ను కొంచెం వంగి ఉంది, సూదితో మెల్లగా సరిచేశాను. కొత్త కేబుల్‌తో పేరు ప్రతిసారీ సరిగ్గా వస్తోంది. 199 పెద్ద అంకెలోనే ఉంది గానీ కదలట్లేదు. 5 సున్నా, 197 మాత్రం 8. ఇప్పుడు డాక్యుమెంట్స్ ఫోల్డర్ కాపీ చేసుకోవచ్చా?

సెక్టార్63:
ఫోల్డర్ కాదు, డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ (ఉన్నదున్నట్టుగా ఒకే ఫైల్‌లోకి నకలు) తీయండి. 197లో 8 అంటే ఎనిమిది సెక్టార్లు (డిస్క్ మీది చిన్న గడులు) చదవలేక పెండింగ్‌లో ఉన్నాయి. ఒక్కోటి 512 బైట్లు, అంతా కలిపి 4 కేబీ. మామూలు కాపీ అక్కడే పట్టుకుని గీరుతూ కూర్చుంటుంది. డీడీరెస్క్యూ అనే లైనక్స్ పనిముట్టు అలా కాదు. మొదట బాగున్న చోట్లన్నీ లాగేసి, మొండికేసిన చోట్లని చివర్లో ప్రయత్నిస్తుంది. మ్యాప్ ఫైల్ (ఎక్కడిదాకా చదివిందో రాసుకునేది) పేరు ఇవ్వడం మరవకండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలెడుతుంది. ఇమేజ్ ఇంకో మంచి డిస్క్ మీదికి పోవాలి, 40 జీబీ పైన ఖాళీ ఉండాలి. ఆ తర్వాత ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా తెరిచి ఫైళ్ళు తీసుకోండి.

చివరికీ రాని సెక్టార్లు ఏ ఫైల్‌వో ‘ఎన్‌టీఎఫ్ఎస్‌క్లస్టర్’ అనే పనిముట్టు చెబుతుంది. ఎక్స్‌పీ పార్టిషన్ సాధారణంగా 63వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది, కాబట్టి మ్యాప్‌లోని చోటు అంకెని (అది బైట్లలో, హెక్సాడెసిమల్‌లో ఉంటుంది) 512తో భాగించి, వచ్చిన సెక్టార్ అంకె నుంచి 63 తీసేసి ఇవ్వాలి.

ఇంకోటి. ఆ రాతలు యూనికోడ్ రాకముందు టైపు చేసినవైతే విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ కూడా తప్పకుండా తీసుకోండి. ఆ ఫాంటు లేకపోతే ఫైల్ తెరుచుకుంటుంది గానీ, అన్నీ గుర్తులే కనిపిస్తాయి.

నీలికొస:
పీసీని మళ్ళీ నడిపించాలనుకుంటే ఐడీఈ సాకెట్‌లో పట్టే కాంపాక్ట్ ఫ్లాష్ (ఒక రకం మెమరీ కార్డు) అడాప్టర్ దొరుకుతుంది. సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన రకం) డిస్క్‌కి కన్వర్టర్ కూడా ఉంది. పెద్ద డిస్క్ పెట్టేముందు ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1 అయినా ఉందో, బయోస్ 48 బిట్ ఎల్‌బీఏ (పెద్ద డిస్కుల్లో సెక్టార్లకి నంబర్లిచ్చే పద్ధతి) చదువుతుందో చూసుకోండి. లేకపోతే 137 జీబీ దాటిన భాగం అందదు. మీ పెట్టెకి 120 జీబీ లోపుది చాలు.