ఇంజనీర్డ్ వుడ్ ఫ్లోరింగ్: 14 ఎంఎం చాలా, 20 ఎంఎం కావాలా?

ప్రశ్న: హాల్‌కీ రెండు బెడ్‌రూములకీ ఇంజనీర్డ్ వుడ్ వేయిద్దామనుకుంటున్నాం అండి. ఒకాయన 14 ఎంఎం చాలంటాడు, ఇంకొకాయన 20 లేకపోతే దండగంటాడు, మా ఆవిడేమో రంగు బాగుంటే చాలంటుంది. కింద కొత్త కాంక్రీటు. ఇంట్లో కుక్క కూడా ఉంది. వేయించుకున్నవాళ్ళు కాస్త చెప్పండి.

జవాబు: ఆ మందం గొడవ పక్కన పెట్టండి అన్నా, అడగాల్సింది పైన ఉన్న అసలు చెక్క పొర ఎంతుందని. 20 ఎంఎం బోర్డుకి పైన 2 ఉండొచ్చు, 14 దానికి 3 ఉండొచ్చు, మిగతాదంతా అడుగున ప్లైవుడ్డేగా. ఒకసారి శాండింగ్ చేయిస్తే అర నుంచి ఒక ఎంఎం దాకా పోతుంది, అంటే 3 ఉంటే ఒకటి రెండుసార్లు గీకించి మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు, 6 ఉంటే ఇంకొన్నిసార్లు, 1 లోపయితే ఆ ఆశే పెట్టుకోకండి. శాంపిల్ ముక్క తిప్పి అంచు చూడండి, పై పొర గీతలాగా వేరే కనిపిస్తుంది, స్కేలు పెట్టేయండి.

ప్రశ్న: ఇది ఒక్కరూ చెప్పలేదండి! మరి లామినేటూ ఇదీ ఒకటేనా?

జవాబు: కాదన్నా. లామినేట్ పైన ఉండేది చెక్క ఫొటో అచ్చేసిన కాగితం, గీకడానికి అక్కడ చెక్కేదీ. కాకపోతే కుక్క గోళ్ళకి నిజంగా అదే గట్టిది, ఉన్నమాట చెప్పాలిగా. ఇంజనీర్డ్ కావాలంటే మెరుపు లేని ఆయిల్ ఫినిష్ తీసుకోండి, గీతలు పడ్డా అంతగా కనబడవు, పడినచోట మాత్రమే ఆయిల్ రాసుకోవచ్చు. లాకర్ అనే గట్టి పూత మీద గీత పడితే తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంకొకరి జవాబు: కొత్త కాంక్రీటు అన్నారు కాబట్టి చెప్తున్నానండి, మాకు అక్కడే దెబ్బ పడింది. అది ఆరకుండానే తొందరపడి వేయించేశాం, మూడు నెలలు తిరక్కుండా ప్లాంకుల (చెక్క పలకల) అంచులు లేచి మధ్యలు గుంటలు పడ్డాయి, చెప్పుల్లేకుండా నడిస్తే ప్రతి జాయింటూ అరికాలికి తగిలేది. వేసినాయన్ని అడిగితే చెక్కంటే అంతే మేడం అన్నాడు! 100 ఎంఎం కాంక్రీటు ఆరడానికి మూడు నెలలు దాటాల్సిందే. అడుగున్నర ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగువైపులా టేపు వేసి కనీసం 16 గంటలు వదిలేయండి, తీసి చూస్తే కింద చెమ్మ పట్టినా, కాంక్రీటు నల్లబడినా ఆగిపోండి. ఏమీ లేకపోయినా సరే తేమ కొలిచే మీటరుతో చూపించాకే వేయించండి, ప్లాస్టిక్‌కి పైపై తడే తెలుస్తుంది.

మరొకరు: గోడల చుట్టూ 10 ఎంఎం ఖాళీ వదలమనండి, స్కిర్టింగ్ కింద దాగిపోతుంది, వదలకపోతే చెక్క ఉబ్బినప్పుడు మధ్యలో లేస్తుంది. తలుపులు కింద రాసుకుంటాయేమో ముందే చూసుకోండి. వేడి ఆవిరితో తుడిచే స్టీమ్ మాప్ జోలికి మాత్రం పోవద్దు.

ప్రశ్న అడిగినవారు: స్కేలు పెట్టి చూశానండి, 20 ఎంఎం దాని పై పొర 2 కూడా లేదు, 14 దానికి 3 ఉంది, కాబట్టి రంగు మా ఆవిడకే వదిలేశా. ప్లాస్టిక్ షీటు నిన్న రాత్రి అంటించాం కానీ తెల్లారేసరికి కుక్క ఓ మూల పీకి పడేసింది, ఇవాళ గది తలుపేసి మళ్ళీ అంటిస్తున్నా.