మంచు కరిగితే సముద్రపు నీటిలో ఏం మారుతుంది? పీహెచ్ కదలడం లేదు

కోనసీమ_సైన్స్:
పదో తరగతి పిల్లల చేత సైన్స్ ఫెయిర్‌కి ప్రయోగం చేయిస్తున్నామండి. ధ్రువాల మంచు కరిగితే సముద్రపు నీటి రసాయనం ఎలా మారుతుందో చూపించాలి. అంతర్వేది సముద్రపు నీళ్లలో కాలవ నీళ్లతో చేసిన ఐసు కరిగిస్తే ఉప్పు 30 పీపీటీ (వెయ్యి పాళ్లలో ఉప్పు పాళ్లు) నుంచి 24కి దిగింది. పీహెచ్ పెన్ను మాత్రం 8.1 దగ్గరే ఉంది, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తి) కూడా దాదాపు కదల్లేదు. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరు, ఆల్కలినిటీ కొలిచే టైట్రేషన్ సామాను ఉన్నాయి. లోపం ఎక్కడుందంటారు?

బ్యూరెట్:
లోపం ఐసులో ఉందండి. గోదావరి నీళ్లు దారి పొడవునా రాయినీ మట్టినీ కరిగించుకుంటూ వస్తాయి కాబట్టి వాటిలో బైకార్బొనేట్ బాగా ఉంటుంది. ఆ ఐసు ఉప్పును పలచన చేస్తుందే గానీ ఆల్కలినిటీని పెద్దగా చేయదు. కావాలంటే కాలవ నీళ్లను విడిగా టైట్రేట్ చేసి చూడండి. హిమనదాల మంచు అలా కాదు, అది కురిసిన మంచే గట్టిపడింది, లవణాలు దాదాపు ఉండవు. సముద్రం మీద కట్టిన మంచులో కొంత ఉప్పు మిగులుతుంది గానీ అదీ సముద్రపు నీటితో పోలిస్తే చాలా తక్కువ.

బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ 200 మి.లీ. గడ్డకట్టించి, 800 మి.లీ. సముద్రపు నీళ్లలో వేయండి. పూర్తిగా కరిగి గది వేడికి వచ్చాకే కొలవాలి, చల్లటి చుక్క వేస్తే రిఫ్రాక్టోమీటరు తప్పు చూపిస్తుంది. తర్వాత 100 మి.లీ. నమూనాలో మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి. ఖర్చయిన ప్రతి మి.లీ.కి ఆల్కలినిటీ లీటరుకు 10 మి.గ్రా. (కాల్షియం కార్బొనేట్ లెక్కన). ముందు 11 మి.లీ. పట్టిందనుకుంటే ఇప్పుడు 8.8 పట్టాలి. ఉప్పు కూడా 30 నుంచి 24, అదే 20 శాతం.

కార్బొనేట్:
పీహెచ్ పెన్నును నమ్ముకోకండి. పారిశ్రామిక యుగం మొదలయ్యాక మహాసముద్రాల ఉపరితల పీహెచ్ తగ్గింది సుమారు 0.1 మాత్రమే. చవక పెన్ను తప్పే అంత ఉంటుంది, పైగా మంచినీటి బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేసిన పెన్ను ఉప్పునీటిలో ఇంకాస్త తేడా చూపిస్తుంది.

ఇంకో చిక్కుంది. డిస్టిల్డ్ నీళ్లు కలపగానే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం (ఆ వాయువు బయటికి తోసే ఒత్తిడి) పడిపోతుంది, పీహెచ్ కాస్త పెరగవచ్చు కూడా. తర్వాత ఆ లోటు పూడేలా నీరు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. మంచు కప్పు తొలగిన చోట ఈ పని జోరుగా సాగుతుంది, ఎందుకంటే 25 డిగ్రీల నీటి కంటే 0 డిగ్రీల సముద్రపు నీటిలో ఆ వాయువు రెట్టింపుకు మించి కరుగుతుంది. అందుకే అక్వేరియం పంపుతో రాత్రంతా గాలి పట్టించి, మర్నాడు కొలవండి.

అసలు దెబ్బ పెంకులు కట్టుకునే జీవులకండి. వాటికి కాల్షియం, కార్బొనేట్ రెండూ కావాలి, పెంకు కట్టడం ఆ రెండింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. రెండూ 20 శాతం చొప్పున తగ్గితే వాటి లబ్ధం 36 శాతం పడిపోతుంది. ఉప్పు మారితే పెంకు పదార్థం ఎంత కరుగుతుందన్న హద్దూ కొంత మారుతుంది కాబట్టి ఇది మొదటి అంచనా మాత్రమే. ఆర్కిటిక్‌లోని కెనడా బేసిన్ ఉపరితల నీటిలో అరగొనైట్ (పెంకుల్లో ఉండే ఒక రకం కాల్షియం కార్బొనేట్) సంతృప్తత 2008లోనే 1 కంటే దిగువకు వెళ్లింది. అంటే ఆ పెంకు పదార్థం కరిగిపోయే నీరన్నమాట. ఫెయిర్‌లో చెప్పవలసింది ఇదే అనిపిస్తుంది, పీహెచ్ అంకె కాదు.

చెరువుగట్టు:
సముద్రపు మంచులో ఉప్పు ఎందుకు తక్కువో కూడా చూపించండి మాస్టారూ. లీటరు సముద్రపు నీళ్లు డబ్బాలో పోసి, పక్కలా అడుగునా థర్మోకోల్ చుట్టి, మూత లేకుండా ఫ్రీజర్‌లో పెట్టండి. అప్పుడే గడ్డ పైనుంచి కడుతుంది. మూడో వంతు గట్టిపడగానే గడ్డ తీసి, నీరోడ్చి, కరిగించి కొలిస్తే ఉప్పు తగ్గి కనిపిస్తుంది, డబ్బాలో మిగిలిన నీరు మొదటికంటే ఉప్పగా ఉంటుంది. ఇంటి ఫ్రీజర్ తొందరగా గడ్డకట్టించి ఉప్పునీటిని మధ్యలో బంధిస్తుంది, కాబట్టి ధ్రువాల మంచంత తక్కువ ఉప్పు రాదు. మొత్తం గడ్డకట్టేదాకా వదిలేశారంటే కరిగాక మళ్లీ మొదటి అంకే.

కోనసీమ_సైన్స్:
చాలా థాంక్సండి. మన చెరువుల్లో వానాకాలం ఉప్పు తగ్గడానికి కూడా ఈ మంచే కారణమా అని పిల్లలు అడుగుతున్నారు.

కార్బొనేట్:
కాదండి. అది వాన, గోదావరి వరద. ధవళేశ్వరం గేట్లు ఎత్తిన రోజుల్లో వశిష్ఠ, గౌతమి ముఖాల దగ్గర పైపొర అంతా నది నీరే. అందుకే ప్రయోగానికి నీళ్లు మార్చి నుంచి మే లోపు, నది ముఖానికి దూరంగా, పోటు మీద ఉన్నప్పుడు పట్టించండి.