విద్యా కార్యక్రమాల మూల్యాంకనంలో ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న:
ఎం.ఏ. ఎకనామిక్స్ అయింది. స్టాటాలో (గణాంకాల సాఫ్ట్‌వేర్) రిగ్రెషన్ దాకా వచ్చు. రీసెర్చ్ అసోసియేట్ పోస్టులకు అప్లై చేస్తున్నాను. 100 బడుల్లో 2,000 మంది పిల్లలుంటే శాంపిల్ సరిపోతుందా అని అడిగితే ఎలా ఆలోచించాలి? ఇంకేం నేర్చుకోవాలి?

జవాబు 1:
2,000 అంకె చూసి మోసపోకండి. ఒకే బడి పిల్లలకు టీచరూ ఊరూ ఒకటే కాబట్టి మార్కులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ దగ్గరతనాన్ని కొలిచేదే ఐ.సి.సి. (ఇంట్రా-క్లస్టర్ కోరిలేషన్). అది 0.2 అనుకుంటే, బడికి 20 మంది చొప్పున డిజైన్ ఎఫెక్ట్ (శాంపిల్ బలం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే అంకె) 1 + 19 × 0.2 = 4.8. అంటే మీ 2,000 మంది, విడివిడిగా ఎంచుకున్న 417 మందితో సమానం. అవే బడుల్లో బడికి 40 మందిని తీసుకున్నా 455 దాటదు. అదే ఇంకో 100 బడులు కలిపితే 833 అవుతుంది. డబ్బుంటే బడులు పెంచాలి, పిల్లల్ని కాదు.

టీచర్లకు బోనస్, బడికి అదనపు నిధులు వంటి పథకాలను పోల్చి చూడటానికి 2005లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రయోగం డిజైన్ తప్పక చదవండి. 5 జిల్లాలు, జిల్లాకు 10 మండలాలు, మండలానికి 10 బడులు. ప్రతి మండలంలోనూ లాటరీ తీసి నాలుగు పథకాలకు రెండేసి బడులు, పథకమేదీ లేకుండా రెండు. మండలాల మధ్య తేడాలు ఫలితంలో కలవకుండా చేసిన ఏర్పాటిది.

జవాబు 2:
లెక్క సరే. అధ్యయనం ఎక్కువగా చెడేది పరీక్ష దగ్గర. ఐదో తరగతి పిల్లలకు ఐదో తరగతి పేపరే ఇస్తే చాలామందికి సున్నాకు దగ్గరగా వస్తాయి. అక్షరాల నుంచి పదాలకు ఎదిగిన పిల్లవాడి ప్రగతి ఆ పేపర్లో కనిపించదు. పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్ళి కొలిచే అసర్ సర్వేలోలాగా పేరాతో మొదలుపెట్టండి. చదివితే కథ, లేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు.

గైర్హాజరైన పిల్లల్ని వదిలేయకండి, ఇంటికెళ్ళి పరీక్ష పెట్టండి. కార్యక్రమం వల్ల వెనకబడినవాళ్ళు బడికి రావడం మొదలైతే, హాజరైనవాళ్ళ సగటు పడిపోయినట్టు కనిపిస్తుంది!

జవాబు 3:
ఫోన్లో, ట్యాబ్‌లో సర్వే డేటా సేకరించే సాఫ్ట్‌వేర్ సర్వేసీటీవో గానీ కోబో గానీ నేర్చుకోండి. డేటా వచ్చిన రోజే తనిఖీ చేసే డూ-ఫైలు (స్టాటా ఆదేశాల ఫైలు) రాయడం సాధన చేయండి. సర్వే సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి, కనీసం 10 శాతం ఇళ్ళకు వేరే మనిషిని పంపి, జవాబు మారని ప్రశ్నలే మళ్ళీ అడిగించాలి.

తెలుగు బాగా వస్తే అప్లికేషన్‌లో తప్పక రాయండి. ఇంగ్లీషు పరీక్షలో ‘క్యాట్’ తేలిక మాట, దాన్ని ‘పిల్లి’ చేస్తే గుడితోపాటు వత్తు వచ్చి పడుతుంది. తెలుగు నుంచి మళ్ళీ ఇంగ్లీషులోకి తిరుగు అనువాదం చేయించినా అర్థం సరిపోతుంది గానీ ఈ కష్టం బయటపడదు. పైలట్‌లో (అసలు సర్వేకు ముందు చేసే చిన్న ప్రయత్నంలో) పిల్లల చేత చదివించి చూస్తేనే తెలుస్తుంది.