‘కోల్డ్ వార్’కు ‘ప్రచ్ఛన్న యుద్ధం’ ఉంది సరే, ‘కోల్డ్ పీస్’కు తెలుగేది?

ఈ మాటకు తెలుగు అడిగారు కనుక, అది ఏ సందర్భంలో వినబడిందో ముందు చూడాలి. సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో రద్దయింది. 1992 ఫిబ్రవరి 1న క్యాంప్ డేవిడ్‌లో అమెరికా అధ్యక్షుడు బుష్, రష్యా అధ్యక్షుడు యెల్త్‌సిన్‌లు తమ దేశాలు ఇక ఒకదానినొకటి శత్రువుగా చూడబోవని ప్రకటించారు. మూడేళ్లు తిరక్కముందే, 1994 డిసెంబరు 5న, బుడాపెస్ట్ సదస్సులో బుష్ తర్వాత అమెరికా అధ్యక్షుడైన క్లింటన్ ఎదుటే, యూరప్ యుద్ధం లేకున్నా సఖ్యతా లేని ‘కోల్డ్ పీస్’లోకి జారిపోతుందేమోనని యెల్త్‌సిన్ హెచ్చరించారు. అంతకు నాలుగు రోజుల ముందే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి అయిన నాటో మంత్రులు దాని విస్తరణపై అధ్యయనానికి పూనుకోవడం ఆయనకు మింగుడుపడలేదు. అణ్వాయుధాలు వదులుకుంటున్న యుక్రెయిన్‌కు అమెరికా, బ్రిటన్, రష్యాలు భద్రతా హామీలిచ్చిన పత్రంపై సంతకాలు జరిగింది కూడా ఆ నగరంలోనే, ఆ రోజే.

రష్యన్‌లోనూ ఇంగ్లీషులోనూ విశేషణాన్ని అలాగే ఉంచి యుద్ధాన్ని శాంతిగా మారిస్తే చాలు, మాట సిద్ధం. తెలుగులో అలా మారిస్తే అర్థం తలకిందులవుతుంది. ప్రచ్ఛన్నమంటే కప్పబడినది. పొలంలో ఇద్దరు చేయగల పనిని ఐదుగురు పంచుకుంటే, పైకి అందరికీ పని ఉన్నట్టే కనిపిస్తుంది కనుక దాన్ని ‘ప్రచ్ఛన్న నిరుద్యోగం’ అంటున్నాం. ఆ లెక్కన ‘ప్రచ్ఛన్న శాంతి’ అంటే పైకి కయ్యం, లోపల నెయ్యం అవుతుంది. 1948 నాటి బెర్లిన్ దిగ్బంధంలో గాని, 1962 నాటి క్యూబా క్షిపణుల వివాదంలో గాని అమెరికా, సోవియట్‌ల వైరం చాటుగా ఏమీ లేదు. కరచాలనాల వెనుక అనుమానాలు పెరిగిన 1990ల దశకానికే ‘ప్రచ్ఛన్న’ అన్న విశేషణం ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం.

పోనీ ‘చల్లని శాంతి’ అందామా అంటే, చల్లగా ఉండమని దీవించే భాష మనది. ఆ మాట చెవికి వరంలా వినిపిస్తుంది. ‘శీతల శాంతి’లో ఆ చిక్కు లేకపోయినా, అందులో మనుషుల మధ్య పెరిగే ఎడం ధ్వనించదు.

అందుకే నేను ‘ముభావపు శాంతి’ని సూచిస్తున్నాను. ముభావంగా ఉన్నవాళ్లు పోట్లాడరు, మాటలు పూర్తిగా మానరు, మనసు మాత్రం విప్పరు. నాటో, రష్యాలు 1997 మేలో పారిస్‌లో పరస్పర సహకార పత్రంపై సంతకాలు చేశాయి. 1999 మార్చిలో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్‌లు నాటోలో చేరినప్పుడు రష్యా ఆపలేదు, హర్షించనూ లేదు. ‘ముభావ శాంతి’ అని సమాసం చేయవచ్చు గాని, ‘పు’ చేరిస్తేనే అది వాడుక మాటలా పలుకుతుందనిపిస్తోంది.