సంక్రాంతికి అమ్మానాన్న హైదరాబాద్ వస్తున్నారు, ఎక్కడ ఏం తినిపించాలి?

మియాపూర్_నుంచి:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. హైదరాబాద్ వచ్చి నాలుగేళ్లయింది. ఏటా పండక్కి నేనే ఊరెళ్తాను, ఈసారి సెలవు దొరకలేదు, అందుకే అమ్మానాన్నే వస్తున్నారు, జనవరి 8 నుంచి 18 దాకా ఇక్కడే ఉంటారు. నాలుగేళ్లుగా ఇక్కడ ఉన్నానన్న మాటే గానీ ఈ ఊరి తిండి గురించి నాకు తెలిసింది తక్కువ. ఆఫీసు క్యాంటీన్, ఫోన్లో ఆర్డర్ పెట్టుకునే బిర్యానీ, అంతే. బయటికెళ్లి కూర్చుని తిన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు ఏదో పరీక్ష రాయడానికి ఒకసారి ఇక్కడికొచ్చి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగారట, పాలరాయి బల్ల, గుండ్రటి చెక్క కుర్చీలు, సాసర్లో పోసుకుని తాగడం, అన్నీ ఇప్పటికీ చెబుతుంటారు. అలాంటి చోటు ఇంకా మిగిలి ఉందా? ఆయనకి హలీం కూడా తినాలని ఉంది. అమ్మ శాకాహారి, అయితే మాంసం వండే హోటల్లో కూర్చోవడానికి ఆమెకేం ఇబ్బంది లేదు, తనకి వేరే ఏదైనా దొరికితే చాలు. అరిసెలు, జంతికలు ఆమే చేస్తుంది కాబట్టి అవి కొనిపెడితే సంతోషించదు. ఇక్కడివాళ్లు పండక్కి చేసుకునేవి రుచి చూపించాలని నా కోరిక.

ఇంకోమాట. కిందటేడు ఒక స్నేహితుడి కుటుంబాన్ని చాలా పేరున్న ఒక హోటల్‌కి తీసుకెళ్తే గంటన్నర నిలబెట్టి, చల్లారిపోయిన అన్నం వడ్డించారు. పెద్దవాళ్లతో మళ్లీ అలా జరగకూడదని టెన్షన్‌గా ఉంది. దయచేసి చెప్పండి.

చార్‌కమాన్_సందులో:

తమ్ముడూ, ముందు హలీం సంగతి. అసలైన భట్టీ హలీం రంజాన్ నెలలోనే. ఇటుకలతో భట్టీ కట్టి, పెద్ద డేగ్‌లో గోధుమలు, మాంసం, నెయ్యి వేసి, తెల్లవారినప్పటి నుంచి సాయంత్రం దాకా సన్న మంట మీద ఉడికిస్తూ, ఇద్దరేసి మనుషులు పొడవాటి చెక్క ఘోట్నీలతో దంచుతూనే ఉంటారు. ఇఫ్తార్ కోసం ఇంత పని జరుగుతుంది కాబట్టే ఆ రుచి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఈ సంక్రాంతికి మాత్రం ఇంకా రాదు. ఏడాది పొడుగునా హలీం అమ్మే హోటళ్లు ఉన్నాయి, తినకూడదని అనను, కానీ మీ నాన్నగారు ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నది మొదటిసారి తినడం అలా కాకూడదని నా అభిప్రాయం. 2010లో హైదరాబాదీ హలీంకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, మన దేశంలో మాంసాహార వంటకానికి అది దక్కడం అదే మొదలు. అంత పేరు తెచ్చుకున్నదాన్ని దాని రోజుల్లోనే తినాలి.

దానికి బదులు ఒక పని చెయ్యి. పొద్దున్నే బార్కస్ తీసుకెళ్లు, చాంద్రాయణగుట్ట దాటాక వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల బారక్‌లు అక్కడుండేవి, ఆ మాటే బార్కస్ అయింది. హలీంకి తల్లిలాంటి హరీస్ అక్కడ ఉదయం టిఫిన్‌గా దొరుకుతుంది. మసాలా దాదాపు ఉండదు, గోధుమ, మాంసం, పైన నెయ్యి, అంతే. పంచదార వేసుకుని తినేవాళ్లూ ఉంటారు. మనకి వింతగా అనిపిస్తుంది గానీ ఒకసారి వేసుకుని చూడమను. హలీం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గిన్నెలోనే తెలిసిపోతుంది.

ఇంకా తెల్లవారుజామున లేవగలిగితే మదీనా సర్కిల్ దగ్గర షాదాబ్‌లో నహారీ, దాంతో కుల్చా. రాత్రంతా ఉడికిన కాళ్ల సూప్ అది, ఎనిమిది దాటాక వెళ్తే అడుగు మిగిలితే అదృష్టం. అమ్మగారికి ఆ పక్కనే గుల్జార్ హౌజ్ వైపు గోవింద్ బండి ఉంది, వెన్న దోశ, తవా ఇడ్లీ. నిలబడి తినాలి, అది ముందే చెప్పు. మోకాళ్ల నొప్పులుంటే వద్దు, ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్‌కి వెళ్లండి. పాత హోటల్, హాయిగా కూర్చోవచ్చు, ఇడ్లీ సాంబార్ బాగుంటుంది.

చాయ్‌కి నిమ్రా, చార్మినార్ పక్కనే. చాయ్ డికాక్షన్ మూతపెట్టి దమ్ మీద వేరే మరుగుతుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడుతుంటాయి, కప్పులోనే రెండూ కలుస్తాయి. ఒక ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినాలి. కూర్చోవడానికి చోటు తక్కువ. మీ నాన్నగారు చెప్పిన పాలరాయి బల్లల హోటళ్లు చాలావరకు మూతబడ్డాయి, అది తలచుకుంటే నాకే బాధ.

బోడుప్పల్_పిండివంటలు:

అమ్మకోసం అడిగారు కాబట్టి నేను చెప్తాను. మాది కరీంనగర్ దగ్గర పల్లె, ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లు. మాకు సంక్రాంతి అంటే సకినాలు. కొత్త బియ్యం నానబోసి, తడి ఆరకముందే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, శుభ్రమైన బట్ట పరిచి దాని మీద వేళ్లతో మెలిపెడుతూ చుట్లు చుట్లుగా పోస్తాం. కాస్త ఆరాక మెల్లగా తీసి నూనెలో వెయ్యాలి. ఒక్కతే కూర్చుని చేసే పని కాదు, అందుకే వాడకట్టులో ఆడవాళ్లంతా ఒక రోజు ఒకరింట్లో, మరుసటి రోజు ఇంకొకరింట్లో కూర్చుంటారు. పైకి జంతికలా కనిపించినా గొట్టం లేదు, చెయ్యే.

పండగ ముందు పది రోజులు దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్, అమీర్‌పేట ఏ వైపు వెళ్లినా స్వగృహ షాపులు ఉంటాయి. కొనేముందు ఒకటి విరిచి తినండి. పట్టుకుంటేనే టప్‌మని విరగాలి, నువ్వుల వాసన రావాలి. నమిలాక నాలుక మీద నూనె మిగిలితే తీసుకోవద్దు, అది పాత నూనె. పొద్దున అడిగితే ఆ రోజు చేసినవి ఏవో వాళ్లే చెప్తారు. గరిజెలు కూడా అడగండి. మీరు కజ్జికాయలంటారు కదా, అవే, కానీ లోపల కూరే సామాను ఇంటింటికీ మారుతుంది.

అన్నిటికన్నా ముందు సర్వపిండి తినిపించండి. కొన్ని చోట్ల గిన్నప్ప అంటారు, తపాల చెక్క అని కూడా అంటారు. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి గిన్నె లోపలి గోడలకి అద్ది, వేళ్లతో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి మూత పెట్టి కాలుస్తారు. ఇది వేడిగా తినాలి, డబ్బాలో పెట్టుకొచ్చింది తింటే ఏమీ తెలియదు. హోటల్లో కంటే ఇంట్లో బాగుంటుంది. మీ ఇంట్లో దళసరి అల్యూమినియం గిన్నె ఉంటే అమ్మకి చెప్పండి, పది నిమిషాల్లో నేర్చుకుంటారు. ఆ ఇష్టమున్న మనిషిలాగే ఉన్నారు.

కృష్ణాతీరం:

చార్‌కమాన్ అన్న హలీం గురించి అన్నదానితో నేను ఏకీభవించను. జనవరిలో నుమాయిష్ ఉంటుంది కదా, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, ఏటా మామూలుగా 1వ తేదీ నుంచి నెలన్నర. 1938లో మొదలైనది. అక్కడ చలిలో నిలబడి తిన్న హలీం నాకు రంజాన్ హలీం కంటే తక్కువ అనిపించలేదు. పెద్దవాళ్లు మళ్లీ రంజాన్‌కి ప్రయాణం చేసి వస్తారన్న నమ్మకం ఏముంది? ఉన్నప్పుడే తినిపించాలి. పైగా మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే ఎదురుగా అదే, మియాపూర్ నుంచి రైలు మారే పని కూడా లేదు. సాయంత్రం ఐదుకల్లా వెళ్లిపోండి, ఏడు దాటితే జనంలో పెద్దవాళ్లని నడిపించడం కష్టం. మిర్చి బజ్జీలు అమ్మగారు తినొచ్చు.

అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్ దగ్గరే. 1935లో కట్టిన రాతి మార్కెట్, చివరి నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. అందులో ఫేమస్ ఐస్‌క్రీం, పండ్లతో చేసేవి. చలికాలమని ఆగొద్దు, సీతాఫలం మిగిలుంటే అదే అడగండి. ఎదురుగా కరాచీ బేకరీ, 1953 నుంచి ఉన్నది, ఫ్రూట్ బిస్కెట్లు ఊరికి పట్టుకెళ్లడానికి.

ముఖ్యమైన జాగ్రత్త ఒకటి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సగం ఊరు ఖాళీ అయిపోతుంది, విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు చూసే ఉంటారు. టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు చాలావరకు మూసేస్తారు, నడిపేవాళ్లదీ ఏదో ఒక ఊరే కదా. అందుకని చిన్న చోట్లన్నీ 12వ తేదీలోపు ముగించండి. సంక్రాంతి సమయంలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాల పండగతో పాటు మిఠాయిల పండగ కూడా పెడుతున్నారు, వేరే రాష్ట్రాలవాళ్లు ఇంట్లో చేసిన మిఠాయిలు తెచ్చి అమ్ముతారు. అమ్మగారికి నచ్చుతుంది.

చార్‌కమాన్_సందులో:

కృష్ణాతీరం గారూ, మళ్లీ వస్తారో లేదో అన్న మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. నుమాయిష్‌లో తినిపించు తమ్ముడూ. కానీ బార్కస్ మాత్రం వదలొద్దు.

లాలాగూడ_క్వార్టర్స్:

నాన్నగారి ఇరానీ హోటల్ గురించి ఎవరూ సరిగా చెప్పలేదు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్ ఉంది, ఆయన వెళ్లింది అదే అయ్యుండొచ్చు, కాకపోయినా ఆ వీధి అదే. మారిపోయింది, ఇప్పుడు జనం, హడావుడి ఎక్కువ, పాలరాయి బల్లలు వెతుక్కోవద్దు. అయినా స్టేషన్ నుంచి బయటికి రాగానే బ్యాగులతో నేరుగా వెళ్లి చాయ్ తాగించండి. ఇంటికెళ్లి, స్నానం చేసి, మర్నాడు కారులో తీసుకెళ్తే అది వేరే సంగతి అవుతుంది. మా నాన్న రైల్వేలో పనిచేశారు, డ్యూటీ దిగి అక్కడ చాయ్ తాగి, దిల్‌ఖుష్ అనే కొబ్బరి కూరిన బేకరీ తినుబండారం ఒకటి పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చేవారు, మాకు రైలు వాసన, కొబ్బరి వాసన కలిసే గుర్తు.

క్రిస్మస్ వెళ్లిన రెండో వారమే కాబట్టి సికింద్రాబాద్ బేకరీల్లో ప్లమ్ కేక్ ఇంకా ఉంటుంది. నానిన పండ్లున్న కేక్ నాలుగు రోజులు నిలవుంటేనే బాగుంటుంది, పాతదని అనుకోవద్దు. గుడ్డు తినరంటే అమ్మగారికి ముందే అడిగి తీసుకోండి.

బిర్యానీ గురించి ఒక్క మాట, మీకు చల్లటి అన్నం వడ్డించిన కథ చదివాను కాబట్టి. మధ్యాహ్నం పన్నెండున్నర లోపు వెళ్లండి, ఆదివారం వద్దు. కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన అన్నం పైన, మూతకి పిండి అంటించి దమ్ పెడతారు. అప్పుడే మూత తీసిన హండీ నుంచి వడ్డించిన ప్లేటుకీ, మూడింటికి మిగిలిన ప్లేటుకీ పోలికే ఉండదు. హోటల్ పేరు కంటే వెళ్లిన వేళే ముఖ్యమని ముప్పై ఏళ్లుగా తింటున్న నా అనుభవం.

మియాపూర్_నుంచి:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. నిన్న రాత్రే వాళ్లని రైలెక్కించాను, మీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

లాలాగూడ గారు చెప్పినట్టే స్టేషన్ నుంచి బ్యాగులతో నేరుగా వెళ్లాం. అదేనో కాదో నాన్న చెప్పలేకపోయారు. చుట్టూ చూశారు, కాసేపు ఏమీ అనలేదు, తర్వాత సాసర్ అడిగి చాయ్ అందులో పోసుకున్నారు. అమ్మ కూడా పోసుకుంది, ఆమె ఇంట్లో ఎప్పుడూ గ్లాసుతోనే తాగుతుంది.

నుమాయిష్‌లో హలీం తిన్నారు, బాగుందన్నారు. బార్కస్‌లో హరీస్ దగ్గర మాత్రం మొదట మొహం పెట్టి, పంచదార కలిపాక మొత్తం ఖాళీ చేశారు. మా అమ్మమ్మ చేసే గోధుమ నూక పాయసం గుర్తొచ్చిందట. నహారీకి లేవలేకపోయాం. బిర్యానీకి పన్నెండుకి వెళ్తే ఐదు నిమిషాల్లో చోటు దొరికింది.

బోడుప్పల్ అక్కా, సకినాలు రెండు కిలోలు కొన్నాం, మీరు చెప్పినట్టు విరిచి చూసి. అమ్మ ఒకదాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారో కనిపెట్టి, ఆ సాయంత్రమే నా పాత పంచె పరిచి కూర్చుంది. మొదటి పదీ బట్టకి అతుక్కుపోయి తీస్తుంటే ముక్కలైపోయాయి. పిండిలో నీళ్లెక్కువయ్యాయా, ఆరడం సరిపోలేదా? ఊరెళ్లాక మళ్లీ చేస్తానని రైల్లో కూడా అదే మాట, మీ జవాబు ఆమెకి ఫోన్లో చదివి వినిపించాలి.

బోడుప్పల్_పిండివంటలు:

నీళ్లే ఎక్కువైనట్టున్నాయి. పిండి చేతికి అంటకుండా మెలి తిరగాలి. కాటన్ బట్టే వాడమనండి, పోసిన వైపు నుంచి కాకుండా బట్టని కింది నుంచి చేత్తో ఎత్తుతూ తీయమనండి, విరగవు. మొదటిసారి నావి కూడా అన్నీ ముక్కలే. మీ అమ్మగారికి నా నంబర్ పంపుతాను, వీడియో కాల్‌లో చూపిస్తాను. మధ్యాహ్నం రెండు తర్వాత ఎప్పుడైనా ఖాళీయే.